ముప్పావలా టోకెన్లు

యూనివర్సిటీ పరీక్షల శాఖలో పనిచేసే రాజలింగుకు కాగితమంటే ప్రాణం. ఏ కాగితమంటే ఆ కాగితం కాదు. నెంబరు వేసి, తేదీ వేసి, దారంతో కుట్టి, ఎవరెప్పుడడిగినా అర నిమిషంలో తీసి చూపించగలిగే కాగితం. పదమూడేళ్ళ ఉద్యోగంలో తన చేతిమీదుగా ఒక్క జవాబు పత్రం కూడా తప్పిపోలేదని అతని గర్వం. గర్వం మంచిదే, ఉండాల్సిన చోట ఉంటే. అది ఉండకూడని చోట తల ఎత్తి నలభై మంది పిల్లల అన్నం మీదికి తెచ్చింది.

రాజలింగుది జనగామ దిక్కు రైతు కుటుంబం. తార్నాక చౌరస్తాకు ఇవతల ఒక గల్లీలో పెంకుటిల్లు అద్దెకు తీసుకుని, పల్లెల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లల కోసం మెస్ నడిపేవాడు. హాస్టల్లో సీటు దొరకని వాళ్ళూ, దొరికినా నెల బిల్లు కట్టలేని వాళ్ళూ అక్కడికి వచ్చేవారు. వంట రాములమ్మది. ఆమె మల్కాజ్‌గిరి నుంచి పొద్దున్నే నడిచి వచ్చి, సాయంత్రం వంట కూడా దించి వెళ్ళేది.

బియ్యం ఎక్కడివంటే, పిడికిళ్ళవి. తార్నాకలో, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో, మల్కాజ్‌గిరిలో ఓ వంద ఇళ్ళ ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవారు. ఆదివారం పూట రాజలింగు సైకిలుకు రెండు పక్కలా సంచులు వేలాడదీసుకుని ఇల్లిల్లూ తిరిగి తెచ్చేవాడు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోయేవి. ఒక్క కుండలో ఒక్కోటి ఒక్కోలా ఉడుకుతుందని రాములమ్మ రోజూ సణుక్కుంటూనే చక్కగా వండేది. పప్పూ కూరగాయలూ కట్టెలూ అద్దె మాత్రం, కాస్త కలిగిన ఇళ్ళ నుంచి వచ్చిన పదకొండు మంది పిల్లలు పూటకు ముప్పావలా చొప్పున కట్టే డబ్బుతో గడిచేవి. మిగిలిన ఇరవై తొమ్మిది మందీ ఏమీ కట్టేవారు కాదు, కట్టలేరు.

మొదటి ఏడు ఇదంతా బాహాటంగానే సాగింది. ఒకనాడు మధ్యాహ్నం, డబ్బు కట్టే పిల్లవాడొకడు నవ్వులాటకే, పైసలిచ్చినవాళ్ళు ముందు కూర్చోవాలి అన్నాడు. అప్పటికే బంతిలో కూర్చున్న, డబ్బు కట్టలేని సమ్మయ్య అనే పిల్లవాడు లేచి బయటికి నడిచాడు. మళ్ళీ రాలేదు, మెస్‌కే కాదు, కాలేజీకి కూడా. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకునేవాడు. రాజలింగు వాళ్ళ ఊరిదాకా వెళ్ళి బతిమాలితే, వ్యవసాయం పనులున్నాయి సార్ అని తల దించుకుని చెప్పాడు. తిరుగు బస్సులో రాజలింగు ఏడ్చినంత పని చేశాడు.

ఆ దెబ్బతో అతని బుర్రలో ఉద్యోగం తెలివి మేలుకుంది. పరీక్షల శాఖలో జవాబు పత్రాలు దిద్దడానికి పంపేముందు పిల్లవాడి హాల్‌టికెట్ నెంబరున్న ముక్క చింపేసి, దాని బదులు ఒక రహస్య నెంబరు వేస్తారు. ఏ నెంబరు ఎవరిదో చెప్పే జాబితా కవర్లో పెట్టి లక్కముద్ర వేస్తారు. దిద్దేవాడికి ఎవరిది ఎవరిదో తెలియదు. అన్నం తినేవాళ్ళకు మాత్రం ఎందుకు తెలియాలి? రాజలింగు అచ్చాఫీసుకు వెళ్ళి టోకెన్ పుస్తకాలు కొట్టించాడు. 'భోజనం ఒకటి, వెల 75 పైసలు' అని ఉంటుంది. ప్రతి శనివారం నలభై మందికీ నలభై కవర్లు, ఒక్కొక్క దాంట్లో పద్నాలుగు టోకెన్లు. డబ్బు కట్టినవాడికీ అవే, కట్టనివాడికీ అవే. మరుసటి ఏటికి పాత పిల్లలు వెళ్ళిపోయి కొత్తవాళ్ళు చేరారు. కట్టలేని పిల్లవాణ్ణి చేర్చుకునేటప్పుడు పక్కకు పిలిచి, నీ సంగతి నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలియదు, నువ్వూ ఎవరికీ చెప్పకు అనేవాడు. పేర్ల జాబితా లక్కముద్రతో అతని ఇనప్పెట్టెలో ఉండేది.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడితో ఆగితే అతను రాజలింగు ఎందుకవుతాడు? పుస్తకమన్నాక టోకెన్ చింపితే మిగిలే ముక్క ఉంటుంది. ఖాళీగా ఉంటే అతనికి నిద్రపట్టదు. అందుకని ప్రతి ముక్క మీదా తేదీ వేసి, రహస్య నెంబరు వేసి, 'సొమ్ము ముట్టినది' అని రబ్బరు ముద్ర కొట్టేవాడు. ముట్టినదానికీ కొట్టాడు, ముట్టనిదానికీ కొట్టాడు. ఒక్క ముక్క తేడాగా కనబడినా గుట్టు బయటపడుతుందని అతని భయం.

అరవై ఎనిమిది నాటి మాట. అమ్మకం పన్ను చట్టానికి ఏదో సవరణ వచ్చింది. అంతకుముందు చిన్న చిన్న మెస్సుల జోలికి ఎవరూ వచ్చేవారు కారు. ఇప్పుడు వండిన తిండి అమ్మేవాళ్ళు ఎవరైనా సరే, ఏడాది అమ్మకం పదివేలు దాటితే లెక్క చెప్పి పన్ను కట్టాలన్నారు. తార్నాకలో ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. ఇరానీ హోటల్ వాడు చాయ్ మీద రెండు పైసలు పెంచి పన్ను అన్నాడు. ఇడ్లీలమ్మే ఆమెకు ఆ చట్టంతో సంబంధమే లేదు, అయినా ఇడ్లీ చిన్నది చేసి అదీ పన్నే అంది. రాజలింగు మాత్రం ధీమాగా ఉన్నాడు. మనం అమ్మితే గదా పన్ను అనుకున్నాడు.

జులై నెలలో ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పాపం అతను పెద్దగా ఏమీ అడగలేదు. గల్లీ గల్లీ తిరుగుతూ మెస్ బోర్డు చూసి లోపలికి వచ్చి, రోజుకు ఎంతమంది తింటారు, బియ్యం ఎక్కడ కొంటారు అన్నాడు. మాటతో చెప్పి, మంచినీళ్ళిచ్చి పంపిస్తే సరిపోయేది. రాజలింగు నోటితో చెప్పడమేమిటి, కాగితం ఉండగా! ఏడాది పొడుగునా కుట్టిపెట్టిన పుస్తకాలన్నీ తెచ్చి, వరస ప్రకారం పేర్చి, తనే విప్పి చూపించాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఇన్‌స్పెక్టర్ కాసేపు తిరగేసి, చాలా బాగా రాశారండీ అని మెచ్చుకుని, పుస్తకాలు తీసుకుని వెళ్ళాడు. ఆ మెప్పుకు రాజలింగు ఆ రోజంతా మురిసిపోయాడు.

పది రోజులకు నోటీసు వచ్చింది. ఏడాది అమ్మకం పద్దెనిమిది వేలు. పన్నూ, నమోదు చేయించుకోనందుకు జరిమానా కలిపి పదకొండు వందల చిల్లర కట్టాలని. రాజలింగు జీతం నూట తొంభై. మెస్‌లో ఏనాడూ యాభై రూపాయలు నిలవ లేవు. నోటీసు చదివి, అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ డబ్బు కట్టాల్సి వస్తే మెస్ మూయడమే. మూస్తే ఆ ఇరవై తొమ్మిది మందీ సామాన్లు సర్దుకుని సమ్మయ్య వెళ్ళిన దారినే వెళ్తారు.

సికింద్రాబాద్‌లోని ఆఫీసుకు పరుగెత్తాడు. అమ్మకం పన్ను ఆఫీసరు పేరు చెన్నకేశవులు. అనంతపురం మనిషి. పొడుగ్గా, బక్కగా, అరిగిన చెప్పులతో ఉన్నాడు. నవ్వడు, కసరడు. అంతా విన్నాడు. రాజలింగు నిజంగా ముట్టిన డబ్బు రాసుకున్న చిన్న నోటుపుస్తకం ఇస్తే అదీ చూశాడు. గోరుచుట్టు మీద రోకలిపోటులా, ఆ పుస్తకమే కొంప ముంచింది. పెద్ద లెక్క ఒకటి, చిన్న లెక్క ఒకటి, రెండు పుస్తకాలు పెట్టుకునేవాళ్ళను ఈ ఆఫీసులో ఏమంటారో తెలుసా అని అడిగాడు ఆఫీసరు.

"రాజలింగు గారూ, మీ చేతిరాతే మీ మీద సాక్ష్యం చెప్తాంది. నా రాత అబద్ధం, నా మాట నమ్ము అంటాండారు మీరు. నేనెట్ల నమ్మేది?"

డబ్బు లేకుండా పెట్టింది అమ్మకం కాదని ఆయనా ఒప్పుకున్నాడు. కానీ పెట్టినట్టు రుజువు కావాలి. లక్కముద్ర కవరు తెచ్చి పేర్లయినా ఇవ్వాలి, లేదా తిన్నవాళ్ళే వచ్చి చెప్పాలి. వచ్చే గురువారం పదిన్నరకు విచారణ. అంతకుమించి గడువు ఇవ్వనన్నాడు.

కవరు ఇవ్వడం అరక్షణం పని. ఇచ్చాక ఆ పేర్లు సర్కారు ఫైల్లో చేరతాయి. అక్కడి గుమాస్తాల పిల్లలు ఇక్కడి కాలేజీలోనే చదువుతున్నారు. వారం తిరక్కుండా ఎవరు ఉచితంగా తింటున్నారో క్యాంపస్ అంతా తెలిసిపోతుంది. ఎవరికీ చెప్పనని ఒక్కొక్కడికీ విడివిడిగా మాట ఇచ్చాడు. ఇరవై తొమ్మిది మాటలు. అన్నీ ఒక్క కవరుతో పోతాయి.

ఇంక పిల్లల్నే అడగాలి. సోమవారం మధ్యాహ్నం అందరూ తింటుండగా లేచి నిలబడ్డాడు. 

"అమ్మకం పన్ను ఆఫీసోళ్ళు మనం అన్నం అమ్ముతున్నమంటున్నరు. నేను కాదంటే నమ్ముతలేరు. పైసలు కట్టకుంట తిన్నోళ్ళు ఎవరన్న వచ్చి చెప్పాలె. ఎవరో నేను చెప్ప, ఎన్నటికి చెప్ప. బేస్తవారం పది గంటలకు సికింద్రాబాద్ ఆఫీసుకాడ ఉంట. రాకున్నా నేనేమనుకోను."

ఒక్కడూ తల ఎత్తలేదు. కంచాల్లోకి చూస్తూ గబగబా తినేసి వెళ్ళిపోయారు. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న రాములమ్మ పెదవి విరిచింది.

"ఎవడస్తడు తమ్మీ? నేను ముఫత్‌గ తిన్న అని నలుగుట్ల ఎవడన్న చెప్పుకుంటడా?"

 రాజలింగుకూ ఆశ లేదు.

గురువారం సగం పూట సెలవు పెట్టి బస్సెక్కాడు. సంచీలో లక్కముద్ర కవరు ఉంది. మెట్టుగూడ దాటేవరకు ఇద్దామనే అనుకున్నాడు. పేర్లు పోతే పోయె, అన్నం దక్కుతుంది కదా అనుకున్నాడు. కానీ బంతిలోంచి లేచి వెళ్ళిన సమ్మయ్య వీపు కళ్ళ ముందు నుంచి కదల్లేదు. పేర్లు బయటపడ్డాక సిగ్గుతో ముద్ద మింగేవాళ్ళు కారు వాళ్ళు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగేటప్పటికి ఒక నిర్ణయానికి వచ్చాడు. కవరు ఇవ్వను. జరిమానా నా పేర రాయమంటాను, జీతంలోంచి నెలకింత కట్టుకుంటాను. మెస్ ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళు. ఇలా అనుకున్నాక భయం తగ్గలేదు కానీ కాళ్ళు మాత్రం తిన్నగా నడిచాయి.

ఆఫీసు వరండాలో నోటీసు బోర్డు ముందు ఒక కుర్రాడు వెనక్కి తిరిగి నిలబడి, ఏదో వేలం ప్రకటనను మహా శ్రద్ధగా చదువుతున్నాడు. దగ్గరికి వెళ్తే కొమురెల్లి. ఎం.ఏ. మొదటి సంవత్సరం. ఇరవై తొమ్మిది మందిలో ఒకడు. రాజలింగు నోరు తెరిచేలోపే మెట్లెక్కుతూ వెంకటేశం వచ్చాడు. కొమురెల్లిని చూసి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని, స్టాంపు కాగితం కొనడానికి వచ్చానన్నాడు. నేను మా మామను కలవడానికి వచ్చాను అన్నాడు కొమురెల్లి. ఇద్దరూ చెరో స్తంభం చాటుకూ చేరారు. తరవాత మరొకడు వచ్చి, ఈ ఆఫీసులో పోస్టాఫీసు ఎక్కడ అన్నాడు. ఇంకొకడు దారి తప్పానన్నాడు. పదిన్నర అయ్యేసరికి వరండాలో స్తంభాలు చాల్లేదు. ఇవాళేమైనా ఉద్యోగాల ఇంటర్వ్యూ ఉందా అని బంట్రోతు రాజలింగును అడిగాడు.

చివరికి కొమురెల్లే ముందుకు వచ్చాడు. అతని ముఖం ఎర్రబడి ఉంది. ఎవరినీ చూడకుండా నేలకేసి చూస్తూ చెప్పాడు.

"సార్, మా మామ లేడు ఏం లేడు. రెండేండ్ల సంది పైసలు కట్టకుంట తింటున్నది నేనే. నా ఒక్కని కోసం మీరు ఇంత గోస పడుడు నాకు మంచిగ అనిపిస్తలేదు. ఎవ్వరు చూడకముందే చెప్పి పోదామనుకున్న."

వెంకటేశం స్తంభం చాటు నుంచి బయటికి వచ్చాడు.

"నువ్వొక్కనివేంది? నేనొక్కన్నే అనుకున్న."

ఆ మాటతో వరండా అంతా కదిలింది. నేనొక్కణ్ణే అనుకున్నానని ఇటు నుంచి ఒకడు, అటు నుంచి ఒకడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నమ్మకం కలగలేదు. తరవాత ఎవడో కిసుక్కున నవ్వాడు. అంతే, నవ్వు ఆగలేదు. రెండేళ్ళుగా పక్కపక్కన కూర్చుని తింటూ, పక్కవాడు కడుతున్నాడు నేనే కట్టడం లేదు అని ఎవడికి వాడు లోలోపల కుమిలిపోయిన పిల్లలు వరండాలో కడుపు పట్టుకుని నవ్వారు. లెక్కపెడితే ఇరవై ఏడుగురు. ఆ లెక్కలో ఒక తేడా ఉంది. అందులో ఆదినారాయణ అనే కర్నూలు పిల్లవాడు ఉన్నాడు. వాడు నెల నెలా తప్పకుండా కట్టేవాడు. నువ్వెందుకు వచ్చావు అని రాజలింగు అడిగితే, ఎవరూ రారేమో, నేనన్నా ఉచితంగా తిన్నానని చెప్తామని వచ్చినా సార్ అన్నాడు. అబద్ధం చెప్పి ఉన్నది కూడా పోగొట్టేవాడివని చెవి మెలిపెట్టి, రాజలింగు వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాడు. చెవి వదిలాక వాడి తల నిమిరాడు కూడా.

చెన్నకేశవులు గదిలో అంతమందీ పట్టలేదు. ముగ్గురు చాలన్నాడు ఆయన. ముగ్గురి దగ్గరా వాంగ్మూలం రాయించుకుని సంతకాలు తీసుకున్నాడు. తక్కినవాళ్ళను గుమ్మంలోంచే చేతులెత్తమని లెక్కపెట్టుకున్నాడు. కలం మూత పెట్టబోయి ఆగాడు. ఇంత చేసి, ఆ టోకెన్ మీద ముప్పావలా అని ఎందుకు వేసినట్టు అని అడిగాడు. రాజలింగు కంటే ముందే కొమురెల్లి చెప్పాడు.

"మాకు సిగ్గు కావొద్దని సార్."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత ఆర్డరు రాశాడు. పదకొండు మంది కట్టిందే అమ్మకం, అది పదివేలకు సగం కూడా లేదు, కాబట్టి పన్ను లేదు, జరిమానా లేదు, నోటీసు రద్దు. రాజలింగు సంచీలోంచి కవరు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ కవరు నాకు అక్కరలేదన్నాడు. ఇక మీదట టోకెన్ మీద వెల వేయొద్దని గట్టిగా హెచ్చరించాడు. రాజలింగు దండం పెట్టి వెనుదిరిగితే, అప్పుడన్నాడు.

"వచ్చిన రాబడి దాచిపెట్టేవాళ్ళను ఇరవై ఏండ్లుగా చూస్తాండా. రాని రాబడిని ఇంత ముద్దుగా రాసిపెట్టుకున్నోణ్ణి మాత్రం మిమ్మల్నే చూసినా."

ఆ ముఖంలో నవ్వు ఉందో లేదో రాజలింగు పోల్చుకోలేకపోయాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నోటీసు వచ్చిన నాటి నుంచి గుండెల మీద ఉన్న బండ దిగిపోయింది.  పిల్లలు చుట్టూ మూగి లేవదీశారు. అందరూ ఒక్క బస్సులో కిక్కిరిసి, కండక్టరు చేత తిట్లు తింటూ తార్నాక చేరారు.

మెస్‌కు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. నోటీసు రద్దయిందని చెబితే రాములమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఇంక ముచ్చట్లు చాలు, కూర్చోండి అంది. కూర్చున్నారు. ఆ రోజు మెస్‌లో మోత మామూలుగా లేదు. ఎవడు ఎవడిని చూసి ఎంత భయపడ్డాడో, ఎవడు ఏ అబద్ధం చెప్పాడో చెప్పుకుంటూ గోల గోలగా తింటున్నారు. రాజలింగు అరుగు మీద గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఆ గోల వింటున్నాడు. హాయిగా ఉంది.

కాసేపటికి రాములమ్మ ఖాళీ గంపతో బయటికి వచ్చింది. ముఖం వింతగా పెట్టింది.

"తమ్మీ, అన్నం అయిపోయింది. దినాం ఎంత వండుతనో గంతే వండిన. ఎన్నడన్న ఇంత మిగులుతది, పక్కింటోళ్ళ బర్రెకు పెడుత. ఇయ్యాల ఒక్కొక్కడు రెండు మాట్ల, మూడు మాట్ల అడిగి పెట్టించుకుంటున్నడు. ఏమైంది వీళ్ళకు?"

రాజలింగు కళ్ళు తెరిచాడు. రెండేళ్ళుగా రోజూ అన్నం మిగిలేది. ఈ కాలం పిల్లలు, తిండి తక్కువ అనుకునేవాడు. నలభై మందికి ఇంతే చాలుతుందని కొలత కూడా రాసిపెట్టుకున్నాడు. ఇప్పుడు తెలిసింది. డబ్బు కట్టకుండా తినేది తానొక్కడే అనుకున్నవాడు, పెట్టిన మొదటి గరిటెతోనే సరిపెట్టుకుని లేచిపోయాడు. ఒకడు కాదు, ఇరవై తొమ్మిది మంది, రోజుకు రెండు పూటలు. టోకెన్లు సిగ్గును దాచాయి కానీ ఆకలిని తీర్చలేదు. కాగితంలో ఎక్కడా రాయని లెక్క అది.  లోపల మళ్ళీ నవ్వులు వినబడ్డాయి. ఎవడో అన్నం అన్నం అని కంచం మీద కొడుతున్నాడు.

"ఎసరు పెట్టు అక్కా," అన్నాడు. "ఇయ్యాల్టి సంది కొలత చెయ్యొద్దు. ఎంత తింటే అంత వండుదం."

చొక్కా చేతులు పైకి మడుచుకుని, లోపలికి వెళ్ళి బియ్యం బస్తా మూతి విప్పాడు.